జీవముద్రణలో ప్రవాహగణితం : ఒక విమర్శ

గడచిన ఇరువది సంవత్సరాలలో జీవశాస్త్రానికి, యంత్రశాస్త్రానికి నడుమనున్న సరిహద్దుమీద జీవముద్రణ అనే ఒక విద్య ఎదిగినది. ప్రాణంతో ఉన్న జీవకణాలను మెత్తని జిగురు పదార్థంలో కలిపి, ఆ కలయికను సిరాగా వాడి, యంత్రంచేత పొరమీద పొరగా అచ్చు వేయించి, శరీరంలోని కణజాలం వంటిదానిని రూపొందించడమే ఈ విద్య. ఇందులో పద్ధతులు పెక్కు ఉన్నవి గాని, ఎక్కువ వాడుకలో ఉన్నది ఒత్తి తీసే పద్ధతి. మన ఇండ్లలో మురుకులు వత్తే గొట్టాన్ని తలచుకొంటే చాలును. పిండికి బదులు జీవసిరా, చేతి బలానికి బదులు గాలి పీడనం, చిల్లుల బిళ్ళకు బదులు వెంట్రుక కంటె రెండు మూడు రెట్లు వెడల్పైన రంధ్రం గల సూది. అయితే పిండి ఎంత నలిగినా మురుకు మురుకే. జీవకణం మితిమీరి నలిగితే చచ్చిపోతుంది.

అందువలననే ఈ విద్యపై వచ్చే పరిశోధన వ్యాసాలలో ఇంచుమించు ప్రతిదానిలోను ఒక సంఖ్య కనబడుతుంది: సూది దాటిన తరువాత నూటికి ఇన్ని కణాలు బ్రతికినవి అని. ఆ సంఖ్యను ప్రయోగానికి ముందే లెక్కగట్టి చెప్పగలమనే గణిత నమూనాలు కూడ వచ్చినవి. సూది వ్యాసం, పీడనం, సిరా స్నిగ్ధత ఇస్తే చాలు, బ్రతుకు శాతం ఇంత అని అవి చెబుతవి. ఆ నమూనాలు వ్యర్థమని నేననను. అవి లేకపోతే ఈ పని గుడ్డెద్దు చేలో పడ్డట్టే సాగేది. కాని అవి కొలిచే చోటు, కొలిచే వేళ, కొలిచే వస్తువు, ఈ మూడింటిలోను లోపం ఉన్నదని నా అభిప్రాయం.

ఈ సంగతి మనకెందుకు అని పాఠకులు అడుగవచ్చును. 2022 ఆగస్టులో హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, హైదరాబాద్ ఐ.ఐ.టి., సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కలిసి, అచ్చు వేసిన శుక్లపటలాన్ని, అనగా కార్నియాను, కుందేలు కంటిలో అమర్చినామని ప్రకటించినారు. మనిషి శుక్లపటలం నుంచి కణాలను తొలగించి మిగిలిన పదార్థము, మనిషి కంటినుంచి తీసిన మూలకణాలు అందులో వాడినారు. కృత్రిమ పదార్థమేదీ కలపలేదు. రోగులకు వాడడానికి ముందు ఇంకను పరీక్షలు, సంవత్సరాల కృషి అవసరమని వారే చెప్పినారు. ఆ చివరి మాట పత్రికల శీర్షికల్లోకి ఎక్కలేదు. మరునాడు మా డిగ్రీ విద్యార్థి ఒకడు, "ఇక కంట్లో పువ్వు పడ్డవాళ్ళందరికీ చూపు వస్తది గద సార్?" అని అడిగినాడు. మా వైపు శుక్లపటలం తెల్లబడి చూపు పోవడాన్ని పువ్వు పడడం అంటారు.

ఆ ప్రశ్నకు మా ప్రాంతంలో ఉన్న బరువు వేరు. 1996 నుంచి 2000 వరకు జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో మొత్తం 10,293 మందిని పరీక్షించినారు. అందుకు ఎన్నుకొన్న నాలుగు ప్రాంతాలలో ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లా తూడుకుర్తి ప్రాంతం ఒకటి. 2016లో జిల్లాల విభజన జరిగినప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరువేరు జిల్లాలై, తూడుకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చినది. శుక్లపటలం చెడి కనీసం ఒక కన్ను పోయినవారు నూటికి 0.66 మంది అని ఆ సర్వే తేల్చినది. కారణాలలో చిన్నతనంలో వచ్చిన కంటి పుండు 36.7 శాతం, దెబ్బ తగలడం 28.6 శాతం, పెద్దయిన తరువాత వచ్చిన పుండు 17.7 శాతం. పేదరికం పెరిగినకొద్దీ ఈ అంధత్వం కూడ పెరిగినది. ఇందులో ఇంచుమించు 95 శాతం రాకుండా చేయదగినదేనని కూడ ఆ సర్వే చెప్పినది. వడ్లగింజ ఎగిరి, పత్తికట్టె గీరుకొని కన్ను ఎర్రబడినవాడు మొదటి రోజే వైద్యుని దగ్గరకు పోతే అచ్చుయంత్రం పనే ఉండదు. కాని ఇప్పటికే పువ్వు పడినవారున్నారు. వారికి కావలసినది బ్రతికిన కణాల శాతం కాదు, వెలుతురును చెదరగొట్టకుండా లోపలికి పంపే పొర. ఈ భేదాన్ని చేతిలో పట్టుకొని నమూనాలను చదవవలసి ఉన్నది.

ముందుగా ప్రవాహం సంగతి. సన్నని గొట్టంలో ద్రవం పోయేటప్పుడు నడిమధ్య పొర వేగంగా, గోడనంటిన పొర నిశ్చలంగా ఉంటవి. పక్కపక్క పొరలు ఒకదానిమీద మరొకటి జారుతూ ఒకదానిని మరొకటి ఈడుస్తవి. ఈ ఈడ్పును కోత ప్రతిబలం అంటాము. సూది మధ్యలో అది సున్న, గోడ దగ్గర అత్యధికం. గోడ దగ్గరి విలువకు ఒక చిన్న సూత్రమున్నది: సూది రెండు కొనల పీడనభేదాన్ని సూది వ్యాసార్ధంతో హెచ్చించి, పొడవుకు రెండింతలతో భాగించవలెను. ఉదాహరణకు 0.2 మి.మీ. వ్యాసము, 12.5 మి.మీ. పొడవు గల సూదికి 1,00,000 పాస్కల్ పీడనం ఇస్తే, అనగా ఇంచుమించు ఒక వాతావరణ పీడనం ఇస్తే, గోడ దగ్గరి ప్రతిబలం 400 పాస్కల్ వస్తుంది.

ఈ సూత్రంలో సిరా స్నిగ్ధత ఎక్కడా లేదని గమనించండి. తేనె అయినా, నీరు అయినా, ఏ జీవసిరా అయినా, పీడనం అదే అయితే నిలువు సూదిలో గోడ ప్రతిబలం అదే. ఇది బలాల సమతుల్యం నుంచి నేరుగా వచ్చే ఫలితం, ఇందులో వాదానికి తావు లేదు. అయినా కొన్ని వ్యాసాలలో "మా సిరా ఒత్తిడికి పలుచబడుతుంది, కనుక కణాలను కాపాడుతుంది" అనే వాక్యం యథాలాపంగా వచ్చిపోతుంది. పలుచబడే సిరా కాపాడేది ప్రవాహం సమానంగా ఉంచినప్పుడు, ఏలననగా అంతే ప్రవాహానికి తక్కువ పీడనం సరిపోతుంది. పీడనమే సమానంగా ఉంచి పోల్చితే గోడ దగ్గర ఆ ఉపకారమేమీ లేదు. ఏది సమానంగా ఉంచి పోల్చినారో చెప్పని వ్యాసం నుంచి సిరా మంచిదా కాదా అన్నది తేల్చుకోవడం సాధ్యం కాదు.

సూది వ్యాసం విషయంలో ఈ తికమక ఇంకను ఎక్కువ. వ్యాసాన్ని 0.4 మి.మీ. నుంచి 0.2 మి.మీ.కు తగ్గించినామనుకొందాము. ప్రవాహం సమానంగా ఉంచితే నీటి వంటి ద్రవంలో గోడ ప్రతిబలం 8 రెట్లు పెరుగుతుంది. వేగం పెరిగినకొద్దీ పలుచబడే సిరాలో, దాని ఘాతాంకం అర అయితే, పెరుగుదల 2.8 రెట్లే. పీడనం సమానంగా ఉంచితేనో, ప్రతిబలం పెరుగదు సరికదా, సగానికి తగ్గుతుంది! అయితే సిరా మెల్లగా నడుస్తుంది కనుక కణం ఆ ఈడ్పులో ఎక్కువసేపు ఉంటుంది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో నాయర్, వెయ్ సన్ మొదలైనవారు 2009లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో తొలి నమూనాలలో ఒకటి. కణాల బ్రతుకుమీద సూది వ్యాసం కంటె పీడనానికే ఎక్కువ ప్రభావమున్నదని వారు కనుగొన్నారు. పై సూత్రాన్ని దగ్గర పెట్టుకొని చదివితే ఈ ఫలితం విడ్డూరంగా తోచదు. దానిని తరువాతివారు "వ్యాసం ముఖ్యం కాదు" అని కుదించి చెప్పుకోవడమే విడ్డూరం.

2016లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బ్లేజర్, ఆయన సహచరులు ప్రతిబలాన్నే ముందు పెట్టుకొని మూలకణాలను పరీక్షించినారు. 5,000 పాస్కల్ లోపు 96 శాతం, 5,000 నుంచి 10,000 వరకు 91 శాతం, ఆ పైన 76 శాతం బ్రతికినవని వారి ఫలితం. స్పష్టమైన పని, ఎంతోమంది ఉదహరించే పని. పై లెక్కలో మనకు వచ్చినది 400 పాస్కలే కదా, ఇక భయమెందుకు అనిపిస్తుంది. కాని సూది నిలువుగా కాక, శంకువు ఆకారంలో కొనకు సన్నబడితే లెక్క మారుతుంది. లోపలి వ్యాసం 4.2 మి.మీ. నుంచి 0.2 మి.మీ.కు దిగే 30 మి.మీ. పొడవు శంకువుకు అదే పీడనం ఇస్తే, పీడనమంతా చివరి కొద్ది భాగంలోనే ఖర్చయి, కొనవద్ద ప్రతిబలం నీటి వంటి ద్రవానికి దాదాపు 10,000 పాస్కల్, పలుచబడే సిరాకు దాదాపు 5,000 వస్తుంది. 400కు 10,000కు 25 రెట్ల తేడా, పీడనమూ రంధ్రమూ మాత్రం అవే! అయినా ప్రయోగశాలలలో శంకువు కొనలంటేనే మక్కువ. అంతే ప్రవాహానికి వాటికి చాలా తక్కువ పీడనం సరిపోతుంది, కణం ఆ ఇరుకులో గడిపే కాలమూ స్వల్పం. ప్రతిబలం ఎంత అని మాత్రమే అడిగి, ఎంతసేపు అని అడగని నమూనా ఈ రెండు సూదులలో ఏది మేలో చెప్పలేదు.

ఇక కొలిచే చోటు. సిరా నిండిన గొట్టం వ్యాసం 10 మి.మీ., సూది వ్యాసం 0.2 మి.మీ. అయితే, గొట్టంలోనుంచి సూదిలోకి దూరేచోట సిరా సగటు వేగం 2,500 రెట్లవుతుంది. జూరాల జలాశయంలో నిలకడగా కనబడే నీరు గేటు దగ్గరకు వచ్చేసరికి ఎట్లా సాగి ఉరుకుతుందో చూచినవారికి దీనిని వేరే వర్ణించనక్కరలేదు. ఆ ముఖద్వారంలో కణం పక్కలకు ఈడ్వబడడం కాదు, ముందుకు సాగదీయబడుతుంది: ముందుభాగం పరుగెత్తుతుంటే వెనుకభాగం ఇంకను నడుస్తుంటుంది. కణత్వచం మందం సుమారు 5 నానోమీటర్లు. దానిని వంచవచ్చును, ముడుచవచ్చును గాని, దాని వైశాల్యాన్ని కొద్ది శాతం మించి సాగదీస్తే చిరిగిపోతుంది. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో అగుఆడో, హైల్‌షార్న్ మొదలైనవారు సూదిమందులా కణాలను ఎక్కించే సందర్భంలో దీనిని పరీక్షించి, వెంటనే జరిగే మరణానికి ప్రధాన కారణం సూది లోపలి కోత కాదు, ముఖద్వారంలోని సాగదీతే అని చూపినారు. తగినంత మెత్తని జిగురులో కణాలను పొదిగితే రక్షణ కలుగుతుందని కూడ చూపినారు. ఇంత జరిగిన తరువాత కూడ నిలువు సూది గోడ ప్రతిబలాన్ని మాత్రమే లెక్కగట్టి, దానికి ఒక వక్రరేఖను అతికించి, 'నమూనా సరిపోయినది' అని ముగించే వ్యాసాలు వస్తూనే ఉన్నవి. సరిపోవడంలో వింత లేదు. పీడనం పెరిగితే గోడ కోత, ముఖద్వారపు సాగదీత రెండును పెరుగుతవి. ఒకదాని నేరాన్ని మరొకదాని లెక్కలో వేసినా రేఖ కుదురుతుంది. సూదిని మార్చినప్పుడే దాని గుట్టు బయటపడుతుంది.

గోడ విలువను అన్ని కణాలకు అంటగట్టడం ఇంకొక అతి. నీటి వంటి ద్రవంలో, వ్యాసార్ధంలో బయటి పదోవంతు వలయంగుండా పోయే ద్రవం మొత్తంలో 3.6 శాతమే. సగటున ఒక కణం అనుభవించే ప్రతిబలం గోడ విలువలో సుమారు 53 శాతం. అయితే ఆ వలయపు లోపలి అంచునే నడిచే కణం సూది దాటడానికి సగటుకు 2.6 రెట్ల కాలం తీసుకొంటుంది, అనగా శిక్షా ఎక్కువే, శిక్షాకాలమూ ఎక్కువే. సిరా ముద్దగా, కదలని కడ్డీ వలె జారితే ఆ వలయంలో పోయేది 3.6 కాక 19 శాతం అవుతుంది. పైగా కణం బిందువు కాదు. 15 మైక్రాన్ల కణం 200 మైక్రాన్ల సూదిలో పోతున్నదంటే, దాని ఒక పక్కకు తగిలే ఈడ్పు వేరు, రెండవ పక్కకు తగిలేది వేరు. ఈ లెక్కలు కఠినమైనవేమీ కావు, బి.ఎస్‌సి. విద్యార్థి చేయగలిగినవే.

కొలిచే వేళను గురించి మరికొంత నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. సామాన్యంగా కణాలకు రెండు రంగులు కలుపుతారు. బ్రతికినవి పచ్చగా, త్వచం చిరిగినవి ఎర్రగా మెరుస్తవి. పచ్చవాటిని మొత్తంతో భాగిస్తే బ్రతుకు శాతం. కాని మొత్తం అంటే ఏది? సూదిలో పూర్తిగా చితికి ముక్కలైన కణం పచ్చగానూ కనబడదు, ఎర్రగానూ కనబడదు. శవం కూడ మిగలని మరణం లెక్కలోకి రాదు. సూదిలోకి పోయినవెన్ని, బయటకు వచ్చినవెన్ని అని విడిగా లెక్కించిన వ్యాసమైతేనే ఆ శాతాన్ని నమ్మవచ్చును. రెండవది, దెబ్బ తిన్న కణం వెంటనే చావదు. తనను తాను విప్పుకొని చచ్చే క్రమం మొదలుపెట్టడానికి దానికి గంటలు పడుతుంది, ఒక్కొక్కప్పుడు రోజు దాటుతుంది. ఈ విషయంలో ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో చే కానన్ బృందం 2018లో చేసిన పని మెచ్చుకోదగినది. ఆల్గినేటు, కొల్లాజెన్ కలిపిన సిరాతో శుక్లపటలం ఆకారాన్ని అచ్చు వేసి, మొదటి రోజు 90 శాతానికి పైగా, ఏడవ రోజు 83 శాతం కణాలు బ్రతికి ఉన్నవని రెండు తేదీలతో రెండు అంకెలు ఇచ్చినారు. రెండవ అంకె చిన్నది గనుకనే దానికి విలువ ఎక్కువ.

అన్నిటికంటె ముఖ్యమైనది కొలిచే వస్తువు. శుక్లపటలం మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. అందులో పదింట తొమ్మిది వంతులు కొల్లాజెన్ పోగుల పొరలే. గద్వాల మగ్గంమీద పడుగు, పేక ఎట్లా అడ్డదిడ్డం కాకుండా ఒకదానికొకటి అడ్డంగా నడుస్తవో, ఈ పొరలు కూడ అట్లే ఒకదానిని మరొకటి అడ్డగిస్తూ పేర్చబడి ఉంటవి. ఒక్కొక్క పోగు లావు సుమారు 30 నానోమీటర్లు, వాటి నడుమ ఎడం సమంగా ఉంటుంది. ఈ క్రమం వల్లనే అది పారదర్శకంగా ఉన్నది. నడుమ నడుమ పలుచగా కెరటోసైట్లు అనే కణాలు ఉండి ఆ పోగులను కాపాడుతుంటవి. గాయమైతే ఈ కణాలే స్వభావం మార్చుకొని, మయోఫైబ్రోబ్లాస్టులనే మచ్చకట్టే కణాలుగా మారి, క్రమం లేని పోగులను అల్లుతవి. పువ్వు పడడమంటే చాలావరకు ఇదే. మయోఫైబ్రోబ్లాస్టు చచ్చిన కణం కాదు. రంగు వేస్తే నిండుగా పచ్చగా మెరుస్తుంది. నూటికి నూరు కణాలు బ్రతికి, అన్నియు అటువంటివే అయితే, బ్రతుకు శాతం లెక్కలో అది ఘనవిజయం, కంటిలో అది పువ్వే.

ప్రతిబలాన్ని వీలైనంత తగ్గించడమే ధ్యేయమనే వాదం కూడ ఇక్కడే కుంటుపడుతుంది. దక్షిణ కొరియాలోని పోహాంగ్ శాస్త్రజ్ఞులు 2019లో ప్రచురించిన పరిశోధనలో, సూదిలోని కోత ప్రతిబలమే కొల్లాజెన్ పోగులను ఒక వరుసలో నిలబెట్టడానికి ఉపకరిస్తుందని చూపినారు. కణాన్ని బాధించే ఈడ్పే పోగును సరిచేస్తున్నదన్నమాట! మరీ తక్కువైతే పోగులు చిందరవందరగా ఉండి పొర మసకబారుతుంది, మరీ ఎక్కువైతే కణం చస్తుంది లేదా మచ్చకట్టే బుద్ధి నేర్చుకొంటుంది. కనుక శుక్లపటలానికి పనికివచ్చే నమూనా ఒక అంకెను కాక మూడింటిని ఒక్కసారే చెప్పవలెను: ఎన్ని కణాలు బ్రతికినవి, వాటిలో ఎన్ని కెరటోసైట్లుగానే నిలిచినవి, పొరగుండా వెలుతురు ఎంత పోయినది. మొదటి అంకెకు నమూనాలు కుప్పలుగా ఉన్నవి. మిగిలిన రెండింటిని ప్రవాహంతో ముడిపెట్టే లెక్కలు నాకు తగినంతగా కనబడలేదు. హైదరాబాదు శాస్త్రజ్ఞులు శుక్లపటలపు సొంత పదార్థాన్నే సిరాకు మూలంగా తీసుకోవడం ఈ దృష్టితో చూస్తే సరియైన దారి అని నాకు తోస్తున్నది. కణానికి అది పరాయి చోటు కాదు కనుక స్వభావం నిలుపుకొనే అవకాశం ఎక్కువ.

ఈ విమర్శలో ఒక భాగాన్ని పరీక్షించడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో డిగ్రీ కళాశాల విద్యార్థులు జిలటిన్ ద్రావణంతో, కణాలు లేకుండానే, చేయవచ్చును. సూది ఉన్న సిరంజిని నిలువుగా బిగించి, ముషలకంమీద తెలిసిన బరువులు పెట్టి, నిమిషానికి ఎంత ద్రవం కారినదో తూచవలెను. ముందు సూది లేకుండా ఖాళీ సిరంజిలో ముషలకం రాపిడికి ఎంత బరువు పోతున్నదో చూచి దానిని తీసివేయవలెను. పీడనం రెట్టింపయినప్పుడు ప్రవాహం రెట్టింపే అయితే ద్రవం నీటి వంటిది, నాలుగింతలైతే ఘాతాంకం అర. తరువాత అదే రంధ్రం గల సూదులను రెండు మూడు పొడవులలో తీసుకొని, ఒకే ప్రవాహానికి దేనికి ఎంత పీడనం కావలసి వచ్చినదో గ్రాఫు కాగితంమీద గుర్తించి, గీతను పొడవు సున్న అయ్యేచోటికి వెనుకకు పొడిగించవలెను. పొడవు లేని సూదికి కూడ కొంత పీడనం మిగిలి కనబడుతుంది. ముఖద్వారంలో సాగదీతకు ఖర్చయిన పీడనంలో పెద్ద వాటా అదే. దీనిని కొలవని నమూనాలు ఆ ఖర్చునంతా నిలువు సూది గోడ పేర రాసుకొంటున్నవి.